సీటు సరే, క్లబ్బులో చోటేదీ?

సొసైటీ అంటే మన పల్లెల్లో ఎరువుల సొసైటీ. యూరియా మూట కోసం తెల్లారుజామునే చెప్పులు వరసలో పెట్టి కాచుకునే చోటు. దాని ప్రెసిడెంటు ఎవరో, ఏ ఇంటివాడో, వాళ్ళ నాయన అంతకుముందు ఏ పదవి వెలగబెట్టినాడో మనకు నోటికొచ్చు. క్లబ్బు అంటే పెద్దోళ్ళు పేకాడుకునే క్లబ్బు. ఆ గేటు లోపల మనవాళ్ళు కప్పులు కడిగినారే తప్ప కుర్చీలో కూర్చున్నది లేదు. ఇప్పుడు ఈ రెండు మాటలూ ఎంబీఏ చదవబోయిన మన పిలకాయల నోట కొత్తగా వినపడుతున్నాయి. "అన్నా, నన్ను క్లబ్బులో తీసుకోలా" అంటాడు ఒకడు. "పోతే పోనీలేరా, చదువు చూసుకో" అంటారు ఇంట్లోవాళ్ళు. ఆ మాట అనే ముందు ఆ క్లబ్బు ఏందో, దాంట్లో ఏం పంచుకుంటున్నారో తెలుసుకోవాలి.

బిజినెస్ స్కూలంటే కంపెనీ నడపడం నేర్పే బడి. రెండేళ్ళ చదువు. అందులో పాఠాలు సగమే. మిగతా సగం క్లాసు వదిలినాక మొదలవుతుంది. ఫైనాన్స్ క్లబ్బు, మార్కెటింగ్ క్లబ్బు, కన్సల్టింగ్ క్లబ్బు, సొంత వ్యాపారం పెట్టదలచిన వాళ్ళకొక క్లబ్బు. ఇవి గాక పాటలకు, ఆటలకు, సమాజసేవకు వేరే. వీటన్నిటి నెత్తిన ప్లేస్‌మెంట్ కమిటీ. పేరుకు ఇవన్నీ విద్యార్థి సంఘాలే. మాస్టర్లు పక్కన ఎక్కడో ఉంటారు. పెత్తనం రెండో ఏడాది వాళ్ళది.

కొత్తవాళ్ళు చేరిన కొన్ని వారాలకే ఎంపికలు జరిగిపోతాయి. అర్జీ పెట్టుకోవాలి. గుంపుగా కూర్చోబెట్టి మాట్లాడిస్తారు. తర్వాత ఇంటర్వ్యూ. అడిగేది సీనియర్లు. ఇంతకు ముందు ఏ ఫెస్ట్ నడిపినావు, ఏ పోటీలో గెలిచినావు, నువ్వు మాకెందుకు అని అడుగుతారు. కోట మండలంలోనో, బోగోలు మండలంలోనో జిల్లాపరిషత్ హైస్కూల్లో చదివి, సాంఘిక సంక్షేమ హాస్టల్లో పెరిగినవాడు ఏ ఫెస్ట్ నడిపి ఉంటాడు? వాడు ఏప్రిల్ 14న అంబేద్కర్ జయంతి నడిపి ఉంటాడు. ఇల్లిల్లూ తిరిగి చందా వసూలు చేసి, మైకు సెట్టు వాడితో బేరమాడి, పోలీసు పర్మిషన్ తెచ్చి, విగ్రహం దగ్గర గొడవకొచ్చిన ఊరి పిలకాయల్ని సముదాయించి, మూడొందల మందికి అన్నంపెట్టి, రూపాయి తేడా రాకుండా లెక్క అప్పజెప్పి ఉంటాడు. దీంట్లో వాళ్ళు చెప్పే మార్కెటింగ్ ఉంది, ఫైనాన్స్ ఉంది, సంక్షోభంలో నిలబడడం కూడా ఉంది. కానీ అది చెప్పుకోవచ్చునని వాడికి ఎవరూ చెప్పలేదు. చెప్తే కులం తెలిసిపోతుందని భయం వేరే. అందుకని ఏమీ నడపనివాడి మాదిరి తలొంచుకుని కూర్చుంటాడు. హైదరాబాదు ఇంగ్లీషు బళ్ళో డ్రామా క్లబ్బు కార్యదర్శిగా ఉన్నవాడు మటుకు గడగడా చెప్పుకుపోతాడు.

ఫలితాలొస్తాయి. ఎవరికెన్ని మార్కులో గోడకు అంటించరు. ఎందుకు తీసుకోలేదని అడిగితే "ఫిట్ కాలేదు" అంటారు. ఈ ఫిట్ అనేదానికి కొలబద్ద లేదు. మన వాళ్ళు తిండి తినే తీరు, ఇంగ్లీషు పలికే తీరు, వేసుకున్న చొక్కా, ఇంటి పేరు, ర్యాంకు — అన్నీ కలిపి ఒక మూటలో కట్టి ఆ మాట అంటారు. కులం పేరెత్తి తిడితే కేసు పెట్టొచ్చు. ఫిట్ కాలేదంటే ఏ స్టేషనుకు పోతావు?

ఒక క్లబ్బు కోసం ఇంత రాద్ధాంతమా అని మన కార్యకర్తలే కొందరు అంటున్నారు. కాబట్టి అసలు సంగతి వివరంగా చెప్పుకోవాలి. ఉద్యోగానికొచ్చిన కంపెనీ ముందు చూసేది ఒక్క కాగితం. పదో తరగతి మార్కులు, ఇంటర్ మార్కులు, డిగ్రీ మార్కులు, ఇంతకు ముందు చేసిన కొలువు, ఆ తర్వాత ఈ బళ్ళో ఏ బాధ్యత మోసినావు అనేది. మొదటి నాలుగూ అయిపోయిన కథలు. వాటిని ఎవరూ మార్చలేరు. అప్పుడు మన పిల్లోడు కూలికిపోతూ చదివినాడా, కరెంటు లేని ఇంట్లో చదివినాడా అని కాగితం చెప్పదు. ఆ రెండేళ్ళలో మార్చుకోగలిగిన గడి అయిదోది ఒక్కటే. ఆ గడి తాళం చెవి క్లబ్బు చేతిలో ఉంది.

అంతటితో పోలేదు. నిరుడు ఫలానా కంపెనీ ఏ ప్రశ్నలడిగిందో క్లబ్బు సీనియర్లకు తెలుసు. ఆ కాగితాన్ని దిద్దేది వాళ్ళే, ఉత్తుత్తి ఇంటర్వ్యూలు పెట్టి తర్ఫీదునిచ్చేది వాళ్ళే. కంపెనీలు పెట్టే పోటీలకు జట్లు కట్టేది క్లబ్బు గదుల్లోనే. గెలిచిన జట్టును నేరుగా ఉద్యోగానికి పిలిచే కంపెనీలూ ఉన్నాయి. ఇక ప్లేస్‌మెంట్ కమిటీ. చాలా చోట్ల కంపెనీలతో మాట్లాడేదీ, ఎవర్ని ఏ రోజు పిలవాలో కుదిర్చేదీ విద్యార్థులే. అంటే ఉద్యోగాల కయ్యకు నీళ్ళు వదిలే తూము దగ్గర కాపలా ఉండేది తోటి విద్యార్థి.

తూము మాట వచ్చింది కాబట్టి నీటి సంఘాల సంగతి గుర్తు చేసుకుందాం. 1997లో ఉమ్మడి రాష్ట్రంలో నీటి వినియోగదారుల సంఘాల చట్టం తెచ్చినారు. రైతులే కాలువలు నడుపుకుంటారు, ఇదే ప్రజాస్వామ్యం అన్నారు. ఓటెవరికి? ఆయకట్టులో సాగు చేసేవాళ్ళకు. పెన్నా డెల్టాలో ఆ కయ్యల్లోనే నాటు వేసి, కలుపు తీసి, కోత కోసే మన ఆడోళ్ళకు ఓటు లేదు, ఎందుకంటే వాళ్ళ పేరు మీద భూమి లేదు. సంఘం అందరిదీ, ఓటు భూమి ఉన్నవాడిదీ. బిజినెస్ స్కూలు క్లబ్బు కూడా అంతే. అందరిదీ అంటారు. లోపలికి పోవాలంటే ముందే ఇంగ్లీషు ఉండాలి, ముందే క్లబ్బులు తిరిగి ఉండాలి, ముందే మనుషులు తెలిసి ఉండాలి. నేర్పడానికి పెట్టిన చోట ముందే నేర్చుకొచ్చిన వాళ్ళను ఏరుకుంటే దానికి ప్రతిభ అని పేరు.

రిజర్వేషన్ ఉందిగదా అంటారు. ఉంది, క్లాసు గడప దాకా. 2006 చట్టం కింద ఐఐఎంల లాంటి కేంద్ర సంస్థల్లో చేరేటప్పుడు ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు ఏడున్నర శాతం, బీసీలకు 27 శాతం సీట్లు. చేరినాక సాయంత్రం ఆరింటికి మొదలయ్యే రెండో బళ్ళో రోస్టరూ లేదు, లెక్కా లేదు. ఏ క్లబ్బులో ఎస్సీలెంతమంది, యానాదులెవరైనా ఉన్నారా అని అడిగే నాథుడు లేడు. అహ్మదాబాదు ఐఐఎం 1961లో పుట్టింది. అక్కడ పీహెచ్‌డీ ప్రవేశాల్లో రిజర్వేషన్ పెడతామని చెప్పడానికే 2025 ప్రవేశాల దాకా పట్టింది. పెద్ద వాకిలికే అరవై ఏళ్ళు పడితే క్లబ్బు గది తలుపుకు ఎన్నేళ్ళు?

ఇక ప్రైవేటు బళ్ళ సంగతి. రాజ్యాంగం 93వ సవరణతో వచ్చిన 15(5) అధికరణం ప్రైవేటు విద్యాసంస్థల్లో కూడా రిజర్వేషన్ పెట్టొచ్చునన్నది. 2014లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. అయినా కేంద్రం చేసిన 2006 చట్టం కేంద్ర సంస్థలకే పరిమితం. హైదరాబాదు గచ్చిబౌలిలో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన 260 ఎకరాల్లో 2001లో ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ తెరిచినారు. భూమి ప్రజలది, రిజర్వేషన్ మాత్రం లేదు.

మన తీరానికే రండి. గూడూరు, సూళ్ళూరుపేట, సత్యవేడు — వరసగా మూడూ ఎస్సీ రిజర్వుడు అసెంబ్లీ స్థానాలు. మూడూ ఉన్న తిరుపతి లోక్‌సభ స్థానం కూడా ఎస్సీ రిజర్వుడే. 2022లో జిల్లాలు చీల్చేదాకా సూళ్ళూరుపేట, తడ మన నెల్లూరు జిల్లావే. ఆ తడ పక్కనే, పులికాట్ గాలి తగిలేంత దూరంలో, సత్యవేడు వైపు పల్లెల భూముల మీద 2008లో మొదలైన శ్రీసిటీ ఉంది. 1970లో మద్రాసులో పెట్టిన ఐఎఫ్ఎంఆర్ అనే బిజినెస్ స్కూలు ఇప్పుడు క్రియా యూనివర్సిటీలో భాగమై ఆ శ్రీసిటీలోనే నడుస్తోంది. ఆ బడిని నిందించడానికి ఈ మాట చెప్పడం లేదు. చట్టంలోని తమాషా చూపించడానికి చెబుతున్నాం. మన ఓట్లతో ఎస్సీ ఎమ్మెల్యే, ఎస్సీ ఎంపీ గెలిచే నేల మీద ప్రైవేటు బడి పెడితే దాన్ని ఆ కేంద్ర చట్టం తాకదు. ఆ ఎమ్మెల్యేలు, ఎంపీలు ఈ సంగతి సభల్లో ఎత్తినారా అని మీ ఊరికొచ్చినప్పుడు అడగండి.

ఫీజు దెబ్బ ఇంకొకటి. 2020 డిసెంబరులో వచ్చిన 77వ నెంబరు జీవోతో ప్రైవేటు కాలేజీల్లో పీజీ చేరేవాళ్ళకు ఫీజు రీయింబర్స్‌మెంటు ఆపినారు. ఎంబీఏ కూడా అందులో కొట్టుకుపోయింది. ఆ జీవో దెబ్బకు ఎంతో మంది డిగ్రీతో ఆగి రొయ్యల గుంటల మీద కాపలాకు పోయినారు. అప్పు చేసి చేరినవాడికి క్లబ్బు చందా, పోటీకి పోను రైలు ఛార్జీ, సీనియర్లతో బయట భోజనం — ఇవన్నీ మళ్ళీ దుడ్లే. "నాకు ఆసక్తి లేదు" అని తప్పుకుంటాడు. ఆసక్తి లేదని ఊరుకుంటారు అందరూ.

వాణిజ్యం నేర్పే బడికీ కులానికీ ఉన్న చుట్టరికం నిన్న మొన్నటిది కాదు. బొంబాయి సిడెన్‌హాం కాలేజీ 1913లో పెట్టిన వాణిజ్య కళాశాల. ఈనాటి బిజినెస్ స్కూళ్ళకు తాత అనొచ్చు. 1918లో బాబాసాహెబ్ అక్కడ అర్థశాస్త్రం ప్రొఫెసరుగా చేరినారు. కొలంబియాలో చదివొచ్చిన మనిషి. ఆయన పాఠానికి విద్యార్థులు ముగ్ధులైపోయేవాళ్ళు. కానీ తోటి ప్రొఫెసర్లు తాము తాగే నీళ్ళకుండ ఆయన ముట్టకూడదని పేచీ పెట్టినారు. క్లాసులో ఆయన గురువు, కుండ దగ్గర అంటరానివాడు. క్లాసుకూ, క్లాసు బయటి గదికీ ఉన్న తేడా ఇదే. 2007లో థోరట్ కమిటీ ఢిల్లీ ఎయిమ్స్ వైద్య కళాశాలకు పోయి చూస్తే అక్కడా ఇదే కథ. హాస్టల్ గదుల్లో, ఆటల్లో, సాంస్కృతిక కార్యక్రమాల్లో దళిత, ఆదివాసీ విద్యార్థులను దూరం పెడుతున్నారని ఆ కమిటీ రాసింది. ఆటస్థలంలో, స్టేజీ మీద జరిగేది చదువులో భాగం కాదనుకుంటే ఆ కమిటీ దాన్ని ఎందుకు రాసినట్టు?

వాళ్ళ క్లబ్బుల్లో చోటివ్వకపోతే మన సంఘం మనమే పెట్టుకుందామంటే అదీ అంత సులువు కాదు. తడ నుంచి రెండు గంటల దూరంలో మద్రాసు ఐఐటీ. అక్కడ 2014లో అంబేద్కర్ పెరియార్ స్టడీ సర్కిల్ పెట్టినారు. అదే క్యాంపస్‌లో వివేకానంద స్టడీ సర్కిల్ ఎప్పటినుంచో ఉంది, దాని జోలికి ఎవరూ పోలేదు. మన సర్కిల్ మీద మటుకు ఒక ఆకాశరామన్న ఉత్తరం ఢిల్లీకి పోయింది. 2015 మే నెలలో గుర్తింపు రద్దు. దేశమంతా గొడవ చేస్తే జూన్‌లో తిరిగి ఇచ్చినారు. హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీలో 1993 నుంచి అంబేద్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ ఉంది. ఆ సంఘానికి చెందిన అయిదుగురిని హాస్టల్ నుంచి గెంటేస్తే వాళ్ళు క్యాంపస్ నడిబొడ్డున గుడారం వేసి దానికి వెలివాడ అని పేరు పెట్టినారు. 2016 జనవరి 17న రోహిత్ వేముల మనకు దక్కకుండా పోయినాడు. విద్యార్థి సంఘం అంటే కాలక్షేపం అనేవాళ్ళకు ఈ రెండు ఉదంతాలూ చెప్పండి. కాలక్షేపమైతే ఢిల్లీ దాకా ఉత్తరాలెందుకు పోతాయి?

అయితే బిజినెస్ స్కూల్లోనే సంఘం పెట్టి గెలిచినవాళ్ళు కూడా ఉన్నారు. మన దళిత పాంథర్లు 1972లో ఎవరి పేరు తమ పేరుగా పెట్టుకున్నారో ఆ నల్లవాళ్ళే. అమెరికాలో హార్వర్డ్ బిజినెస్ స్కూలు ప్రపంచంలోని కంపెనీ దొరలంతా చదివే చోటు. 1967లో అక్కడ చేరిన వందల మందిలో నల్లజాతి వాళ్ళను వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. వాళ్ళలో అయిదుగురు కలిసి 1968లో ఆఫ్రో అమెరికన్ విద్యార్థి సంఘం పెట్టినారు. మార్టిన్ లూథర్ కింగ్‌ను చంపిన సంవత్సరం అది. పాటల పోటీలు పెట్టుకోవడానికి కాదు వాళ్ళు సంఘం కట్టింది. నేరుగా డీన్ దగ్గరకు పోయి, మావాళ్ళు ఇంత తక్కువమంది ఎందుకున్నారు, వచ్చే ఏడాది ఎంతమందిని తెస్తారు, వాళ్ళ ఫీజు సంగతేంది అని అడిగినారు. తర్వాతి బ్యాచీల్లో సంఖ్య పెరిగింది. ఆ సంఘం ఈనాటికీ ఉంది.

ఆ అయిదుగురిలో ఒక ఆడమనిషి, లిలియన్ లింకన్. వర్జీనియా పల్లెలో సేద్యం చేసుకునే ఇంట పుట్టింది. న్యూయార్క్‌లో ఇళ్ళల్లో పనిమనిషిగా చేసింది. హార్వర్డ్‌లో ఎంబీఏ పట్టా తీసుకున్న మొదటి నల్లజాతి స్త్రీ, 1969లో. తర్వాత 1976లో సొంతంగా కంపెనీ పెట్టింది. ఏం కంపెనీ అనుకున్నారు? భవనాలు ఊడ్చి తుడిచి శుభ్రం చేసే కంపెనీ. వెయ్యిమందికి పైగా పనిచేసినారు అందులో. తరతరాలుగా చీపురు మన చేతికిచ్చిన దేశంలో ఆ చీపుళ్ళ కాంట్రాక్టులు ఎవరి చేతిలో ఉన్నాయో నెల్లూరు మునిసిపాలిటీ కార్మికులను అడిగితే చెప్తారు.

ఇక్కడ మన ఉద్యమంలోనే ఒక వాదం ఉంది. ఎంబీఏ పెట్టుబడిదారీ చదువు, అందులో చోటు కోసం మనమెందుకు కొట్లాడాలి అని. అలా అనే అన్నలంటే మాకు గౌరవమే. కానీ ఒక్కటి అడుగుతాం. ఇస్కపల్లి నుంచి తడ దాకా మన కయ్యల పక్కన రొయ్యల గుంటలు తవ్వినప్పుడు, దొరువుల్లో నీళ్ళు ఉప్పుగా మారినప్పుడు, 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినాక కూడా గుంటలు ఆగనప్పుడు, ఆ లెక్కలు వేసింది ఎవరు? కృష్ణపట్నం పోర్టు 2020లో అదానీ చేతికి పోయింది. గేటు దగ్గర కాంట్రాక్టు కూలీకి రోజుకెంత ఇవ్వాలో, స్థానికులను ఎంతమందిని తీసుకోవాలో ఒక ఏసీ గదిలో తేలుస్తారు. ఆ గదిలో కూర్చునేవాళ్ళు ఈ బళ్ళలోంచే, ఆ క్లబ్బుల్లోంచే వస్తారు. ఆ గదిలో మనవాడు కూర్చుంటే అన్నీ మారిపోతాయని మేము చెప్పడం లేదు, మన ఎమ్మెల్యేలను చూస్తూనే ఉన్నాం గదా. కానీ లోపల ఏం మాట్లాడుకుంటున్నారో తెలియకుండా బయట ధర్నా చేసేవాడి బలం సగమే.

ఆ క్లబ్బుల్లో సమాజసేవ క్లబ్బని ఒకటి ఉంటుందన్నాం. అది అప్పుడప్పుడు మన వాడకు వస్తుంది. ఒకే రంగు టీషర్టులు వేసుకుని నోటు పుస్తకాలు పంచి, పిల్లలతో ఫోటో దిగి, చేతులు కడుక్కోవడం నేర్పి పోతారు. ఆ ఫోటో వాళ్ళ కాగితంలో అయిదో గడిలోకి పోతుంది. మన పిల్లలు వాళ్ళకు ఆ విధంగా ఉపయోగపడుతున్నారు. అదే క్లబ్బులో మన వాడ పిల్లోడికి సభ్యత్వం లేదు!

సంఘం కట్టడం మనకు కొత్తగా నేర్పాల్సిన పని లేదు. 1906లోనే భాగ్యరెడ్డివర్మ హైదరాబాదులో జగన్మిత్ర మండలి పెట్టినాడు. మన జిల్లాలో 1991లో అక్షరాస్యత ఉద్యమం వచ్చినప్పుడు రాత్రి బళ్ళలో లాంతరు ముందు కూర్చున్న ఆడోళ్ళు వాచకంలో సీతమ్మ కథ చదివి దూబగుంటలో సారా అంగడి మూయించినారు. అక్కడినుంచి ఊరూరా సంఘాలు. ఎవరు కాపలా, ఎవరు కలెక్టరాఫీసుకు, బండి ఛార్జీలకు తలా ఎంత, పత్రికల వాళ్ళతో ఎవరు మాట్లాడాలి — అన్నీ వాళ్ళే తేల్చుకున్నారు. జిల్లాలో సారా వేలం మళ్ళీ మళ్ళీ వాయిదా పడింది. 1993 అక్టోబరు నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం. ఏ బిజినెస్ స్కూలు క్లబ్బు ఇంత పని చేసిందో చెప్పమనండి! ఆ ఆడోళ్ళలో దళితులు, బీసీలు, ముస్లింలు ఎందరో. వాళ్ళ మనవళ్ళు, మనవరాళ్ళు ఇప్పుడు ఎంబీఏ ఇంటర్వ్యూలో "మా ఇంట్లో ఎవరికీ నాయకత్వ అనుభవం లేదు" అని చెప్తున్నారు.

కాబట్టి పని రెండు వైపుల నుంచి జరగాలి. బడిలో ఉన్న మన పిల్లలు క్లబ్బు నియమాలు రాతపూర్వకంగా అడగాలి. ఎంపికకు ఎవరు కూర్చున్నారు, దేనికెన్ని మార్కులు, ఎంతమంది అర్జీ పెడితే ఎంతమందిని ఏ వర్గాల నుంచి తీసుకున్నారు — ఇది నోటీసుబోర్డు మీద ఉండాలి. 2012లో యూజీసీ నిబంధనలు చేసింది, వివక్ష ఫిర్యాదులు వినడానికి అధికారి, సమాన అవకాశాల విభాగం ఉండాలని. అర్జీ అక్కడ ఇవ్వండి, రసీదు తీసుకోండి. ప్లేస్‌మెంట్ కమిటీలో ఎస్సీ, ఎస్టీ, బీసీ విద్యార్థులకు చోటు రాసి పెట్టాలని అడగడం గొంతెమ్మ కోరికేమీ కాదు, గ్రామ పంచాయతీ వార్డులకే రిజర్వేషన్ ఉన్న దేశం మనది. ఒంటరిగా పోవద్దు. ఇద్దరు ముగ్గురు కలిసి, నియమావళి రాసుకుని, అండగా నిలిచే ఒక మాస్టరును వెతుక్కుని, సొంత స్టడీ సర్కిల్‌కు గుర్తింపు అడగండి. వాళ్ళ క్లబ్బుల్లో కూడా అర్జీ పెట్టండి. రెండూ చేయండి.

ఊళ్ళో ఉన్నవాళ్ళ పని ఇంకా తేలిక. ఈ ఏడు మన తీరం నుంచి ఎంబీఏలో చేరబోయే పిల్లల పేర్లు మండలాల వారీగా రాసుకోండి. వాళ్ళు పోకముందే ఒక ఆదివారం అంబేద్కర్ భవనంలోనో, చర్చి వరండాలోనో కూర్చోబెట్టి, జయంతి సభ నడిపినదీ, హాస్టల్ మెస్సులో లెక్కలు చూసినదీ, వరదప్పుడు బియ్యం పంచినదీ ఒక్కొక్కరి చేత కాగితం మీద రాయించండి. కంపెనీల్లో కొలువు చేసే మనవాళ్ళు సెలవులకు వస్తే వాళ్ళ చేత ఆ కాగితాన్ని ఇంగ్లీషులోకి దిద్దించండి. ఎంపికలు మొదటి నెలలోనే అయిపోతాయి. పిల్లోడు పెట్టె సర్దుకునే రోజుకే ఆ కాగితం పెట్టెలో ఉండాలి.